రేపు నీతో పనుంది

(ఆదోనిలో జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించాను.)

 

ముందుగా ఒక మాట. ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు నేను ఈ పూట పలకను. బతికున్నన్నాళ్లూ మైకులో తన పేరు వినబడితే మెల్లగా లేచి బయటికి పోయే మనిషి ఆయన. పోయాక కూడా ఆ మర్యాద దక్కాలి గదా. సారు అంటే చాలు, ఈ హాల్లో అందరికీ తెలుసు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం భూకంపం తర్వాత ఆశ. ఆహ్వాన పత్రిక చూసి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, మన దిక్కు భూకంపం ఎప్పుడొచ్చింది? కరువు గురించి మాట్లాడితే పోలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు నేల మీద భూమి కదలకపోలేదు. 1967 మార్చిలో ఒంగోలు కదిలింది, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం కదిలింది. మొన్న 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర వచ్చిన ప్రకంపన హైదరాబాదు అపార్టుమెంట్లలో కాఫీ తాగుతున్నవాళ్లను మెట్లు దింపింది. కానీ ఇవేవీ ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టినవి కావు. 2002లో సవరించిన భూకంప పటంలో మన పశ్చిమ కర్నూలు రెండో జోన్‌లో పడింది. అంటే ప్రమాదం అతి తక్కువ ఉన్న వరుసలో. ఆ పటం సవరించక ముందు అంతకంటే నిశ్చింతైన ఒకటో జోన్ కూడా ఉండేది. దాన్ని తీసెయ్యడానికి కారణమైన ఊరి పేరు కిల్లారి. సారు జీవితంలో కూడా ఆ ఊరే మలుపు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. ముందురోజు అనంత చతుర్దశి. వినాయకుణ్ణి నిమజ్జనం చేసి, ఆడి పాడి, అలసిపోయి పడుకున్న ఊళ్లు. మహారాష్ట్రలో లాతూరు, అప్పటి ఉస్మానాబాదు జిల్లాల సరిహద్దులో కిల్లారి, సాస్తూర్, మంగ్రుళ్, తాల్ని లాంటి 52 ఊళ్లు నేలమట్టమయ్యాయి. దాదాపు పది వేల మంది పోయారు. భూకంప తీవ్రత 6.2 దగ్గర. ప్రపంచ లెక్కల్లో అదేమంత పెద్దది కాదు. ఆ స్థాయి భూకంపాలు జపానులో వస్తే చాలాసార్లు త్వరలోనే రైళ్లు తిరుగుతాయి. మరి కిల్లారిలో పది వేల మందిని చంపిందేమిటి?

ఇల్లు. ఈ జవాబు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ ఇల్లు మన ఇల్లే. కోసిగిలో, కౌతాళంలో, హొళగుందలో పుట్టినవాళ్లకు ఆ ఇంటిని వర్ణించక్కర్లేదు. మూరెడు, ఒక్కోచోట మూరన్నర మందం బండరాతి గోడ. లోపలొక వరుస రాళ్లు, బయటొక వరుస రాళ్లు, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ కూరిన పూడిక. రెండు వరుసలనూ కలిపి పట్టే పొడుగు రాయి ఎక్కడో తప్ప ఉండదు. పైన దూలం, దంతెలు, వాటి మీద కట్టెలు పరిచి, ఆకో బోదో వేసి, దాని మీద మట్టి, ఆ మట్టి మీద సౌడు అనే చవిటి మన్ను. వానాకాలం ముందు మిద్దె ఎక్కి కొత్త సౌడు చల్లి తొక్కడం మన ఇళ్లలో ఏటేటా జరిగే పని. పాతది తీసెయ్యరు. దాని మీదే కొత్తది. తాత చల్లిన సౌడు మీద నాయన చల్లినది, దాని మీద మనం చల్లినది. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని మనం మురిసిపోతాం. నిజమే, ఉంటుంది. మూడు తరాల మట్టిని నెత్తిన పెట్టుకుని పడుకుంటున్నామన్న సంగతి మాత్రం భూమి కదిలిన రోజే తెలుస్తుంది. లాతూరు పల్లెల్లోనూ ఇదే పద్ధతి. భూమి పక్కకు ఊగగానే రాతిగోడ రెండు వరుసలూ విడిపోయి, లోపలిది లోపలికి, బయటిది బయటికి కూలాయి. కప్పు మొత్తం కిందికి దిగింది. కొన్ని ఇళ్లలో కప్పును మోసే కొయ్య స్తంభాలు గట్టిగా నిలబడ్డాయి. గోడ పోయినా ఆ చట్రం కింద పడుకున్నవాళ్లు కొందరు బతికారు. ఇది ఇంజనీర్లు తర్వాత తేల్చిన విషయం, కానీ సారు అక్కడికి పోయిన మొదటి పూటే దాన్ని కంటితో చూసి చెప్పారు. "కట్టె నిలబడింది చూడు, రాయి పడింది" అన్నారు.

ఎమ్మిగనూరు దుప్పట్లంటే అప్పట్లో పేరు. దుప్పట్ల కట్టలు లారీకెత్తుకుని రాయచూరు, గుల్బర్గా మీదుగా కిల్లారికి పోయిన కుర్రకారుకు పెద్దదిక్కుగా సారు వచ్చారు. నేనూ ఆ లారీలో ఉన్నాను. అక్కడి సంగతులు ఎక్కువ చెప్పను. ఒకటి చెప్పాలి. దేశం నలుమూలల నుంచీ వచ్చిన పాత బట్టలు దారి పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి, ముట్టుకునేవాడు లేడు. మా దుప్పట్లు కూడా ఆ కుప్పలో కలిసిపోతాయని మాకు భయమేసింది. ఊరి మొదట్లో, ఇల్లు ఉండిన చోట, పాతికేళ్ల మనిషొకడు రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఇంట్లో ఐదుగురు పోయారని పక్కవాళ్లు చెప్పారు. పొద్దున్నుంచి ఎవరెవరో వచ్చి ధైర్యం చెబుతున్నారు, రొట్టెలు చేతిలో పెడుతున్నారు. అతను తినడం లేదు, మాట్లాడటం లేదు.

సారుకు మరాఠీ రాదు. ఆదోని ఉర్దూ వచ్చు. ఆ మనిషి పక్కన చాలాసేపు ఊరికే కూర్చున్నారు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. తర్వాత తన సంచీలోంచి ఒక నోటుబుక్కు, పెన్సిలు తీసి అన్నారు: "బాబూ, మేం పరాయి ఊరోళ్లం. ఏ ఇంట్లో ఎవరు మిగిలారో, ఎవరికి చిన్నపిల్లలున్నారో మాకు తెలీదు. నువ్వు చెప్పకపోతే ఈ దుప్పట్లు గట్టిగా అరిచినోడికే పోతాయి." అతను చాలాసేపు ఆ పుస్తకం వైపే చూశాడు. తర్వాత లేచాడు. సాయంత్రానికి రెండు పుటలు నిండాయి. మిగిలిన దుప్పట్లు రేపు పంచుదామని, పొద్దున ఏడింటికి ఇక్కడే ఉండమని సారు అతనికి చెప్పారు. ఆ రాత్రి అతను రెండు రొట్టెలు తిన్నాడు. పొద్దున ఏడింటికి మాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు.

దీన్ని అద్భుతంగా చెప్పుకోకండి. రెండు రొట్టెలు తిన్నాడు, అంతే. దుఃఖం ఎక్కడికీ పోలేదు. కానీ తిరుగు ప్రయాణంలో సారు అన్న మాట మాత్రం నాతో ఉండిపోయింది. "అందరూ అతనికి ఏదో ఇయ్యనీకే వచ్చినారు. అతనితో పనుండి వచ్చినోడు ఒక్కడూ లేడు."

ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఈ మాటకు సాక్ష్యాలు వెతకడమే. సర్వం పోయిన మనిషికి తిండి కావాలి, గుడ్డ కావాలి, తల దాచుకునే చోటు కావాలి. ఇవి లేకపోతే బతకడు. కానీ ఇవన్నీ ఇచ్చినా బతకాలన్న కోరిక పుడుతుందన్న హామీ లేదు. రేపు ఫలానా చోట, ఫలానా పనికి, నేను పోకపోతే ఎవరికో ఇబ్బంది అవుతుంది అన్న ఎరుక కలిగిన రోజునే మనిషి రేపటి వైపు తిరుగుతాడు. నాయకులు వచ్చి "అధైర్యపడకండి, మేమున్నాం" అంటారు. మేమున్నాం అనడం మంచిదే. నువ్వు కావాలి అన్నవాడు ఎక్కడ?

దీనికి మన నేల మీదే పెద్ద రుజువుంది. నా మిత్రుడు అడిగిన కరువు దగ్గరికే వస్తున్నా. 1876లో మొదలైన ధాత కరువు. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా, ఎమ్మిగనూరు ఆ తాలూకాలో ఒక ఊరు. మద్రాసు రైలు మార్గం అప్పటికి ఐదారేళ్ల ముందే ఆదోని మీదుగా రాయచూరు చేరింది. రైలుంది, పట్టాలున్నాయి, ఎక్కడో ధాన్యమూ ఉంది. కొనే చేతిలో కాసు లేదు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా తన జనంలో దాదాపు నాలుగో వంతును పోగొట్టుకుంది. భూకంపం నిమిషంలో చేసే పనిని కరువు రెండేళ్లు తీసుకుని చేసింది.

అప్పుడు సర్కారు పని చూపించలేదా? చూపించింది. కరువు పనులు పెట్టింది, రాళ్లు కొట్టించింది, రోడ్లు వేయించింది. 1877 జనవరిలో కరువు ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు. ఇంగ్లీషు తూకంలో పౌనంటే అర కిలో కంటే తక్కువ. దాంతో రాళ్లు కొట్టేవాడు బతకడని మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంచెం పెంచక తప్పలేదు. ఆ వాదం చరిత్ర పుస్తకాల్లో ఉంది, దాని జోలికి ఇంతకంటే పోను. నేను చూస్తున్నది వేరే సంగతి. ఆ రాళ్ల కుప్పల దగ్గర కూర్చున్న మనిషి కొట్టిన కంకర ఎవరికి కావాలి? చాలాచోట్ల ఎవరికీ అక్కర్లేదు. ఊరికే కూలి ఇవ్వకూడదన్న నియమం కోసం పెట్టిన పని అది. అతను రేపు రాకపోతే మేస్త్రీ పేరు కొట్టేస్తాడు, అంతకుమించి లోకానికి పోయేదేమీ లేదు. న్యాయంగా చెప్పాలంటే అన్ని కరువు పనులూ అలాంటివి కావు. ఆ కాలంలోనే కోస్తాలో బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగింది, దాని మీద దశాబ్దాల పాటు పడవలు నడిచాయి. మన దిక్కు మాత్రం కంకర కుప్పలే ఎక్కువ మిగిలాయి.

కరువులో చిక్కినవాళ్లందరిలో నేతగాడి అవస్థ వేరు. వాన పడకపోతే రైతుకు ఆ ఏడు పంట పోతుంది. నేతగాడికి ముందుగానే పోతుంది, ఎందుకంటే కరువు సూచన కనబడగానే జనం మొట్టమొదట మానేసేది గుడ్డ కొనడమే. మగ్గం మీద పడుగు ఉంటుంది, కొనేవాడు ఉండడు. అతన్ని తీసుకుపోయి రాళ్లు కొట్టమంటే నాడె విసిరే చెయ్యి పది రోజుల్లో మొద్దుబారుతుంది. కరువు తీరాక మళ్లీ నేయాలన్నా ఆ వేళ్లకు పోగు తెలీదు. నేతగాళ్లకు వాళ్ల పనినే ఇచ్చి ఆదుకోవాలన్న మాట మెల్లగా కరువు నిబంధనల్లోకి ఎక్కింది. నూలు ఇవ్వడం, గుడ్డ తీసుకోవడం, కూలి కట్టడం. చిన్న మార్పులా కనిపిస్తుంది. దాని వెనక ఎన్ని వేళ్లు పాడయ్యాయో!

ఈ ఆలోచన సర్కారు దయగా కాకుండా, ఊరి సొంత ఏర్పాటుగా నిలబడింది మన ఎమ్మిగనూరులోనే. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని ప్రారంభించారు. అంతకుముందు నేతగాడు సావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకుని, సావుకారుకే గుడ్డ వేసి, సావుకారు చెప్పిందే లెక్క అనుకుని బతికేవాడు. సంఘం వచ్చాక నూలు సంఘానిది, మగ్గం నేతగాడిది, గుడ్డ అమ్మే బాధ్యత సంఘానిది. 1954లో పద్మ పురస్కారాలు మొదలైన ఏడే సోమప్ప గారికి పద్మశ్రీ వచ్చింది. ఇదంతా మీకు తెలుసు. ఎమ్మిగనూరులో ఆయన పేరు తెలీని పిల్లవాడు ఉండడు. నేను గుర్తు చేసేది పురస్కారం గురించి కాదు. సంఘం నేతగాడికి నూలు తూచి ఇచ్చి పుస్తకంలో రాసుకోవడం గురించి. ఆ పద్దులో రెండు సంగతులుంటాయి. ఒకటి, ఇంత నూలు ఇచ్చాం. రెండు, గుడ్డ తిరిగి రావాలి. మొదటిది సాయం. రెండోది ఎదురుచూపు. వరుసగా వానలు ముఖం చాటేసిన ఏళ్లలో నేతగాణ్ణి వలస బాట పట్టకుండా ఊళ్లో కూర్చోబెట్టింది ఆ రెండో సంగతే అని నా నమ్మకం.

ఆ సంఘం తర్వాతి రోజుల్లో దెబ్బతిన్నదన్న సంగతీ చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. మరమగ్గం వచ్చింది, మిల్లు గుడ్డ వచ్చింది, సంఘాల్లో రాజకీయం వచ్చింది. ఒకప్పుడు మగ్గం చప్పుడు లేకుండా తెల్లారని వీధుల్లో ఇప్పుడు ఆ చప్పుడు వినాలంటే వెతుక్కుంటూ పోవాలి. ఎదురుచూసేవాడు పోయాడు గనుక మగ్గం ఆగింది, మగ్గం ఆగింది గనుక మనిషి ఊరు విడిచాడు.

ఇక 2009. భూకంపానికి మన నేల మీద అతి దగ్గరగా వచ్చిన ఉపద్రవం అదే. ఆ ఏడు వానాకాలం ఎలా గడిచిందో గుర్తుందా? సెప్టెంబరు దాకా చుక్క లేదు. వాన కోసం ఊళ్లలో విరాటపర్వం చదివించారు. సెప్టెంబరు 2న అప్పటి మన జిల్లా నల్లమలలోనే పావురాలగుట్ట మీద హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి పోయారు. జనం ఇంకా ఆ దిగ్భ్రమలో ఉండగానే నెలాఖరుకు వాన మొదలైంది. కరువు మండలాల జాబితాల సిరా ఆరకముందే తుంగభద్ర ఒడ్లు దాటింది. అక్టోబరు 2, గాంధీ జయంతి నాటికి మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం నీళ్లలో ఉంది. భక్తులు మేడల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అదే రోజు తుంగభద్ర, హంద్రి కలిసే కర్నూలు పట్టణం మునిగింది. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. ఆ ఆనకట్టను కట్టింది 19 లక్షల క్యూసెక్కులకు. నందవరం మండలంలో నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది. ఎమ్మిగనూరు నుంచి అవతలి ఒడ్డున అయిజకు, గద్వాలకు పోయే దారి అది. సంబంధాలు కలుపుకున్న ఊళ్లు, సంత చేసుకున్న ఊళ్లు ఏళ్ల తరబడి ఒకదానికొకటి దూరమైపోయాయి.

నదికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా ఇళ్లు పడ్డాయి. ఈ సంగతి పేపర్లలో తక్కువ వచ్చింది. మూడు నాలుగు రోజులు వదలని వానకు మిద్దె మీది సౌడు నీళ్లు తాగింది, మట్టి నీళ్లు తాగింది, గోడ మధ్య పూడిక నీళ్లు తాగింది. అప్పుడు గోడ కడుపు ముందుకు వస్తుంది. మన ఆడవాళ్లు దాన్ని చెయ్యి పెట్టి చూసి కనిపెడతారు. "గోడ ఉబ్బింది, పిల్లల్ని లేపు" అంటారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో అవ్వ రాత్రంతా గోడకు చెయ్యి ఆనించి కూర్చుంది. తెల్లారాక అందరినీ గుడి అరుగు మీదికి పంపి, తాను చివర బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి గోడ లోపలికి పడింది. గుంట మగ్గాలున్న ఇళ్లలో ఇంకో బాధ. కాళ్లు పెట్టుకునే గుంత నీళ్లతో, బురదతో నిండిపోతుంది. పడుగు తడిసి పోగుకు పోగు అంటుకుంటుంది. పన్నె తుప్పు పడుతుంది.

వరద తగ్గాక సారు ఎమ్మిగనూరు చుట్టుపక్కల తిరిగారు. అప్పటికి ఆయన రిటైరై కొన్నేళ్లయింది. మిగతావాళ్లం బియ్యం, దుప్పట్లు పోగుచేసే పనిలో ఉంటే ఆయన మగ్గాల గుంతలు ఎత్తిపోయించే పని పట్టారు. ఇంటింటికీ పోయి, బురద తోడి, గుంత ఆరబెట్టి, "ఎప్పటికి నేస్తావు? నాకు రెండు దుప్పట్లు కావాలి, మా మనవరాలి పెళ్లికి" అని అడ్వాన్సు చేతిలో పెట్టేవారు. ఎన్ని మగ్గాల దగ్గర ఇలా చేశారంటే, ఆ మనవరాలికి ఎన్ని పెళ్లిళ్లని మేం నవ్వుకునేవాళ్లం. ఆయనకు అసలు మనవరాలే లేదు. ముగ్గురూ మనవళ్లే.

మళ్లీ కిల్లారికి రావాలి. ఎందుకంటే ఒక మనిషి పెన్సిలు ఇచ్చి లేపడం ఒక ఎత్తు, అదే సూత్రం మీద ఒక జిల్లా మొత్తాన్ని లేపడం ఇంకో ఎత్తు. రెండోది కూడా అక్కడ జరిగింది. పూర్తిగా కూలిన 52 ఊళ్లను కొత్తచోట కట్టారు. ఆ ఊళ్ల మీద విమర్శలు చాలా ఉన్నాయి. వెడల్పాటి వీధులు, గళ్లు గీసినట్టు వరుసలు, ఎవరి పక్కన ఎవరుండాలో పట్టించుకోని కేటాయింపులు. పొలం ఒక దిక్కు, ఇల్లు ఒక దిక్కు. మన దగ్గర వరద బాధితుల కాలనీలు చూసినవాళ్లకు ఈ విమర్శ కొత్తగా ఉండదు. కానీ ఆ 52 ఊళ్లు కాక, ఇళ్లు పాక్షికంగా దెబ్బతిన్న ఊళ్లు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో ఎవరి ఇల్లు వాళ్లే బాగుచేసుకోవాలి, సర్కారు డబ్బు విడతలవారీగా ఇస్తుంది. సిమెంటు ఎంత, ఇసుక ఎంత, గోడలో పొడుగు రాళ్లు ఎక్కడ పెట్టాలి, కప్పు మీది మట్టి ఎంత దించాలి, గోడ చుట్టూ కాంక్రీటు బెల్టు ఎలా తిప్పాలి అన్నది ఇంటింటికీ ఎవరు చెబుతారు?

ప్రేమా గోపాలన్ నడిపిన స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ ఆ పనిని ఊళ్లోని ఆడవాళ్లకు అప్పజెప్పింది. వాళ్లను సంవాద సహాయకులు అన్నారు. అంతవరకు మగవాళ్ల ముందు అరుగెక్కి మాట్లాడని ఆడవాళ్లు. తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కొలతలు నేర్చుకున్నారు, మేస్త్రీని నిలదీశారు, ఇంజనీరు ఆఫీసు గడప తొక్కారు. 2001 జనవరి 26న గుజరాత్‌లో కచ్ఛ్ భూకంపం వచ్చి వేలమంది పోయినప్పుడు లాతూరు ఆడవాళ్లు అక్కడికి వెళ్లారు. దానధర్మాలు చేయగల స్థితి వాళ్లది కాదు. మొదటి నెల ఏమవుతుందో, డబ్బు విడతలు ఎందుకు ఆగుతాయో, మేస్త్రీ ఎక్కడ సిమెంటు తగ్గిస్తాడో వాళ్లకు తెలుసు. ఆ తెలివి కచ్ఛ్ ఆడవాళ్లకు కావాల్సి వచ్చింది. కిల్లారిలో ఏడేళ్ల కిందట పడిన కష్టం ఒకచోట పనికొచ్చే విద్య అయింది. ఈ సంగతి పేపర్లో చదివిన రోజు సారు ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని నెలపాటు కనబడినవాడికల్లా చూపించారు.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. కిల్లారి ప్రాంతం నుంచి 1,200 మంది పిల్లల్ని శాంతిలాల్ ముత్తా గారు పూణెకు తీసుకుపోయి చదివించారు. భారతీయ జైన్ సంఘటన తరఫున. తల్లిదండ్రులు పోయిన పిల్లలకు బడి ఏమిస్తుందని అడిగేవాళ్లుంటారు. బడి హాజరు పిలుస్తుంది. పేరు పిలిచినప్పుడు పలక్కపోతే ఎందుకు రాలేదని అడుగుతుంది. సారు బడిపంతులు గనుక ఈ విషయంలో ఆయన అభిప్రాయం మరీ గట్టిది. "హాజరు పట్టీ కంటే పెద్ద ఓదార్పు సర్కారు దగ్గర ఇంకోటి లేదు" అనేవారు. కొంచెం అతిగా అన్నారేమో, పంతుళ్లకు ఆ హక్కుంది.

ఇప్పుడు సుగ్గి, అంటే పంట కోతలకు పోయే వలస. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి వచ్చినవాళ్లకు ఈ మాట వినగానే ముఖం మారుతుంది. దసరా దాటాక లారీలు వస్తాయి, ఇళ్లకు తాళాలు పడతాయి. తెలంగాణలో పత్తి తీయడానికి, గుంటూరు దిక్కు మిరప కోయడానికి సంసారాలకు సంసారాలు పోతాయి. ముసలివాళ్లు మిగులుతారు. పిల్లలు తల్లిదండ్రులతో పోతారు. ఇది ఏటేటా వచ్చే ఉపద్రవం గనుక ఉపద్రవమని ఎవరూ అనరు. ఏ రిక్టరు స్కేలుకూ అందదు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లందే పొలాలు కొన్ని, అందని పొలాలు ఎన్నో. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు ఆ వారం నిద్ర లేదు. వారంలోగా గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ దించి నీళ్లు నిలిపారు గనుక సరిపోయింది. లేకుంటే ఆ ఏడు లారీల లెక్క వేరుగా ఉండేది. వలస పోయే పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు. తల్లిదండ్రులు పోయినా పిల్లలు ఊళ్లో ఉండి చదువుకోవచ్చు. మంచి ఏర్పాటు, ఉన్నచోట.

హాస్టళ్లు లేని రోజుల్లో సారు ఏం చేసేవారో ఈ హాల్లో కొందరికి స్వయంగా తెలుసు. సుగ్గికి పోయే పిల్లల్ని పోవద్దని ఆయన ఎన్నడూ అనలేదు. అనీ లాభం లేదు, ఇంట్లో ఉంటే అన్నం పెట్టేవాడు లేడు. లారీ ఎక్కే ముందు రోజు ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు ఇచ్చి, ఒక్కొక్కరికీ ఒక్కో పని చెప్పేవారు. ఒకడు కిలో మిరప కోతకు ఎంత కూలి ఇస్తారో వారం వారం రాయాలి. ఒకమ్మాయి అక్కడి చేలల్లో వేసే మిరప రకాల పేర్లు రాయాలి. ఇంకొకడు మిరప యార్డుకు పోయే బస్తాల తూకంలో ఎంత కోత పెడతారో రాయాలి. "మార్చిలో ఈ పాఠం చెప్పాల. మీరు తెచ్చిన లెక్కలు లేకుంటే నేను బోర్డు మీద ఏం రాసేది? రేపు నీతో పనుంది" అని పంపేవారు. ఆయన నిజంగానే ఆ పాఠం ఆపి ఉంచేవారు. శాతాలు, సగటు, లాభనష్టాలు, అన్నీ ఆ పిల్లలు తెచ్చిన లెక్కల మీదే. ఊళ్లో ఉండి చదివిన పిల్లలు ఆ ఒక్క నెల వలస పోయివచ్చినవాళ్ల నోటుబుక్కుల కోసం పోటీ పడేవారు.

అందరూ తిరిగి రాలేదు. ఏటా నాలుగైదు నోటుబుక్కులు రావు. ఆడపిల్లలవే ఎక్కువ. ఆ పేర్లను సారు హాజరు పట్టీలో కొట్టివేయనివ్వలేదు. తనిఖీకి వచ్చిన అధికారికి దాని మీద సంజాయిషీ రాసి ఇచ్చారు. జూన్‌లో కొత్త పట్టీ రాసేటప్పుడు కూడా ఆ పేర్లు మొదటి పుటలోనే రాసేవారు, ఎర్ర సిరాతో కాదు, అందరి పేర్లు రాసే నల్ల సిరాతోనే.